వెట్టియు జీతమును: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సీమలోఁ గూలివారి చరిత్ర

వెట్టి యను తెలుఁగు మాట సంస్కృత విష్టి శబ్దమునకు వికృతి. కన్నడమున బిట్టి యనియుఁ దమిళమున వెట్టి యనియు నీ మాటయే నిలిచినది. కూలి యీక, ఒడంబడిక లేక, బలిమిచేఁ జేయించుకొను పని యని దీని యర్థము. అమరసింహుఁడు తన కోశమున విష్టి శబ్దమును జీవనవృత్తులను జెప్పు వర్గములందుఁ జేర్పలేదు. నరకవర్గమునఁ జేర్చి, యాతన, తీవ్రవేదన యను పర్యాయములకు నించుక ముందు నిలిపెను. కోశకారుఁడు దీనికిఁ జూపిన చోటు గమనింపఁ దగినది.

జీతము అను మాటను నిఘంటుకర్తలు జీవిత శబ్దభవముగాఁ జెప్పుదురు. పనికి బదులుగా నీయవలసినది జీవితమే యని దాని తాత్పర్యము. కావున వెట్టి యొక కొన, జీతము మఱియొక కొన. పనివాని ప్రాణమును బిండుకొనునది మొదటిది. ఆ ప్రాణమును నిలుపునది రెండవది. మొదటిదానినుండి రెండవదానికి సంఘ మెట్లు నడచును? రాజు దయచేతనా, శాసనముచేతనా, పనివారి సొంత బలముచేతనా? ఈ ప్రశ్నకు నల్లగొండ సీమలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల చరిత్ర మంచి నిదర్శనము.

పనివానికిఁ జాలినంత జీవనము గలుగవలె నను తలంపు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున దాసకర్మకరులను గూర్చి ప్రత్యేకముగా నొక యధ్యాయము కలదు. వేతన మింత యని ముందుగా మాటాడుకొనని యెడలఁ గర్షకుఁడు పంటలోఁ బదియవ వంతును, గోపాలకుఁడు నేతిలోఁ బదియవ వంతును, సరకు నమ్మిపెట్టినవాఁడు తాను నడపిన సరకులోఁ బదియవ వంతును బొందవలె నని యందు విధింపఁబడినది. అంతకంటె విలువగల మాట సీతాధ్యక్ష ప్రకరణమునఁ గలదు. రాజక్షేత్రములందుఁ బనిచేయు వారికి వారివారి పరివారమును బట్టి తిండియు, నెలకు ఒకటింపావు పణమును బెట్టవలె నని యచటి నియమము. ఇందుఁ గూలికిఁ గొలత చేసిన పని మాత్రమే కాదు. ఆ పనివానిపై నాధారపడిన నోళ్లు గూడ.

అయినను ఆ గ్రంథమే, సమాహర్త గ్రామముల లెక్కలు వ్రాయించునపుడు ధాన్యము, పశువులు, హిరణ్యము మున్నగువానితోఁ బాటు విష్టిని గూడ వ్రాయించుకొనవలె నని చెప్పుచున్నది. అనఁగా వేతన ధర్మమును విష్టియు నొక్క గ్రంథముననే ప్రక్కప్రక్కన నుండెను. క్రీ. శ. 150 ప్రాంతపు రుద్రదాముని గిరినగర శాసనము సుదర్శన తటాకమునకుఁ గట్ట కట్టించిన విధమును జెప్పుచు, పన్నులచేతఁ గాని విష్టిచేతఁ గాని ప్రజను బీడింపక తన ధనముతోనే యా పని నెఱవేర్చె నని యా రాజును బొగడినది. పీడింపకుండుట పొగడ్తకుఁ దగిన విషయ మయ్యె నన్న, పీడించుట లోకమున సామాన్య మని తెలియుచున్నది. అది రాజు దయ. పనివాని హక్కు గాదు. దయకుఁ గర్త యొక్కఁడే. ఆతఁడు పోయినఁ బోవును.

సూర్యాపేట చేరువ నున్న పిల్లలమఱ్ఱి గుడులు రేచర్ల రెడ్ల కాలపువి. కాకతీయుల నాఁటి 1195, 1208 సంవత్సరముల శాసనము లచటఁ గలవు. ఇట్టి శాసనములు దేవతలకును బ్రాహ్మణులకును జేసిన దానములను జక్కఁగాఁ జెప్పును. వీనిలో మాటాడువారు దాతలు. రాళ్లు మోసినవారు, చెఱువుకట్ట త్రవ్వినవారు మాటాడరు. ఈ సీమ కూలివారి కథ స్పష్టముగాఁ దెలియుట యిరువదవ శతాబ్దమునఁ దీర్మానములు, మనవులు, పత్రికా లేఖనములు పుట్టిన పిమ్మటనే.

నిజాము రాజ్యకాలమున నీ ప్రాంతము నల్లగొండ జిల్లాలోనిది. సూర్యాపేటయు మిర్యాలగూడయుఁ దాలూకాలు. కోదాడ హుజూరునగరు తాలూకాలోనిది. 2016లో సూర్యాపేట ప్రత్యేక జిల్లా కాఁగా, కోదాడ దానఁ జేరెను; మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచెను. హైదరాబాదునుండి కృష్ణాతీరమునకుఁ బోవు బాట సూర్యాపేట కోదాడల మీఁదుగాఁ బోవును. అధికారుల రాకపోకలు సాగునట్టి యీ బాట ప్రక్కయూళ్లకు బండ్లు తోలుటయు మూటలు మోయుటయు నధికభార మగుట సహజము.

పూర్వము పన్ను వసూలు చేయుటకు నియమితులైన దేశముఖులు, దేశపాండ్యలు 1853లో దివానైన సాలార్జంగు చేసిన సంస్కారములవలన వసూలు పనిని గోలుపోయిరి. దానికి మాఱుగా వారికి రుసుములు, వతనులు లభించెను. పిదప భూముల కొలతయు బందోబస్తును జరుగు కాలమున ననేక గ్రామముల మంచి నేలలు వారి పేరఁ బట్టా యయ్యెను. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట చరిత్రమున సూర్యాపేట దేశముఖునకు 20,000 ఎకరములు, మిర్యాలగూడ తాలూకాలోని బాబాసాహెబుపేట దేశముఖునకు 10,000 ఎకరములు నుండె నని లెక్క చెప్పెను. దున్నువానికి దున్నుటయే కాని నేల లేదు. నేల గలవానికి దున్నవలసిన యక్కఱ లేదు.

ఈ స్థితియందు వెట్టి కులమునకొక రూపమున నుండెను. మాలమాదిగల యిండ్లనుండి యింటికొక్కఁడు గడి పనికిఁ బోవలెను. ఊరికి వచ్చిన యధికారి సామానును దలపై మోసి పొరుగూరు చేర్పవలెను. మాదిగలు చెప్పులు కుట్టి, మోటలకుఁ దోలు సమకూర్పవలెను. కుమ్మరి కుండలును, సాలె బట్టలును, కల్లుగీయువాఁడు కల్లును వెల లేక యీయవలెను. చాకలి బట్ట లుదుకుటయే కాక వచ్చినవారికి నీళ్లు మోయవలెను. మంగలి కాళ్లు పిసుకవలెను. గొల్లలు మందకొక గొఱ్ఱెను విడువవలెను. రైతుగూడఁ దన పొలమునకుఁ బోవుటకు ముందు దొర పొలమును దున్ని, నాటి, నీరు పెట్టవలెను. వానకు నదను తప్పినచో నష్టము రైతుదే. ఆఁడువారి బాధ మాటలకు లోఁబడునది కాదు. దొరగారి కూఁతురు పెండ్లి చేసికొని యత్తవారింటికిఁ బోవునపుడు దాసీకన్యలను సారెతోఁ బంపుట గూడ నుండెను. వారిని ఆడబాప లనెడివారు.

వెట్టికిఁ దోడుగా నప్పు నిలిచెను. ఆకలి నెలలలోఁ దెచ్చుకొన్న గింజలకు నాగు పేర వడ్డీ పెరుగును. పెండ్లికో చావునకో తెచ్చిన కొద్ది రూపాయలకుఁ బనివాఁడు తన్నుఁ దాను గుదువపెట్టుకొనును. హైదరాబాదు రాజ్యమున నట్టివానిని బగేలా యనిరి. తెలుఁగు పల్లెలలో జీతగాఁ డనిరి. తండ్రి చచ్చిన నప్పు కొడుకునకు సంక్రమించును. దానితోఁ బనియు సంక్రమించును. ఇచట భాషయే యెదురు తిరిగినది. జీవితమునుండి పుట్టిన జీతము అను మాట యీ పల్లెలలో జీవితమును దాకట్టు పెట్టుట యను నర్థమునకు దిగెను. శబ్ద మొక్కటే, లోకవ్యవహారము దాని యర్థమును దలక్రిందు చేసెను.

ఇదంతయుఁ బ్రభుత్వ మెఱుఁగనిది కాదు. వెట్టిని నిషేధించియు, అధికారులు తీసికొన్న పనికిఁ గూలి యీయవలె ననియు సర్కారు గస్తీలు వెలువడెను. బగేలా యొడంబడికలను హద్దులో నుంచుటకు 1948కిఁ బూర్వమే యొక శాసన మేర్పడెను. 1921లో హైదరాబాదునఁ బుట్టిన ఆంధ్రజనసంఘము మాడపాటి హనుమంతరావు నాయకత్వమున వెట్టిచాకిరిని గూర్చి చిన్న పొత్తములు ప్రకటించి, సర్కారు నియమములనే ప్రజలకుఁ దెలుఁగునఁ జదివి వినిపించు నుపాయమును బూనెను. 1922లో నల్లగొండనుండి వెలువడిన నీలగిరి పత్రికయు, 1926లో సురవరము ప్రతాపరెడ్డి నెలకొల్పిన గోలకొండ పత్రికయు గ్రామములలోని బాధలను బయలుపఱచెను. 1930లో జోగిపేటయందుఁ బ్రారంభమైన ఆంధ్రమహాసభ, 1931లో నల్లగొండ జిల్లాలోని దేవరకొండయందు బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన రెండవ మాఱు గూడెను. ఆ సభలలో వెట్టిని నిర్మూలింపవలె నను కోరిక పలుమాఱు వెల్లడి యయ్యెను.

అయినను గస్తీ పట్టణమునఁ బుట్టెను. వెట్టి పల్లెలో నిలిచెను. కారణము తేటయైనదే. వెట్టిని నిషేధించు కాగితమును అమలు జరుపవలసినవాఁ డెవఁడు? పటేలు, పట్వారీ, గిర్దావరు, అమీను. వెట్టిని దీసికొనువాఁ డెవఁడు? ఆ పటేలు, ఆ పట్వారీ, ఆ గిర్దావరు, ఆ అమీనే. ఫిర్యాదు చేయఁబోయినవాఁడు ఫిర్యాదు పొందినవాని మూటనే మోసికొని తిరిగి రావలసియుండెను. పైఁగా మాట వినని మఱునాఁడే యప్పు చెల్లింపు మనుటకును, కౌలునుండి తొలఁగించుటకును దొరకు వలను గలదు. ఎదురు చెప్పినవానికిఁ బ్రొద్దు గడుచు మార్గము లేదు. శాసనము నిషేధించినది పనిని. నిషేధింపనిది ఆ పనికి దింపిన యక్కఱను.

ఈ సీమలోనే మునగాల పరగణా చరిత్ర మీ విషయమును మఱియొక తీరున బోధించును. సూర్యాపేట కోదాడల నడుమ నున్న యీ పరగణా చుట్టును నిజాము రాజ్యమే యైనను, తాను మాత్రము బ్రిటిషు పాలనలోని కృష్ణా జిల్లాకుఁ జెందిన జమీను. దాని యధిపతి నాయని వేంకటరంగారావు తెలుఁగు సాహిత్యమునకుఁ జేసిన మేలు మఱవరానిది. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమునకును, 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలికి నాతఁడు పోషకుఁడు. ఆంధ్రదేశ చరిత్ర పరిశోధనకు మార్గదర్శి యైన కొమఱ్ఱాజు లక్ష్మణరావు ఆ సంస్థానమునకు దివాను. అట్టి పరగణాలోనే 1930 తరువాతి దశాబ్దమున రైతులును గూలివారును వెట్టికి, అక్రమ వసూళ్లకు నెదురు నిలిచిరి. నండూరి ప్రసాదరావు మున్నగువారు వారికి నాయకులైరి.

ఈ రెండు విషయములలో నొకటి చెప్పి యింకొకటి దాఁచుట చరిత్రకారునకుఁ దగదు. గ్రంథాలయములను నిలిపిన ధనమును వెట్టిపై నెదురు తిరిగిన జనమును నొక్క నేలనుండియే పుట్టిరి. ఇందలి గుణపాఠము వ్యక్తినింద గాదు. ఉదారుఁడైన ప్రభువు క్రిందఁ గూడ వెట్టి నిలువఁగలిగిన యెడల, కూలివాని మేలునకు నౌదార్యము చాలిన యాధారము గాదని మాత్రమే. రుద్రదాముని శాసనమునఁ గనఁబడిన చిక్కే యిచట మఱలఁ గనఁబడినది.

1944లో భువనగిరియందు రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన పదునొకండవ మహాసభ సభ్యత్వపు రుసుమును ఒక్క యణాకుఁ దగ్గించెను. చిన్న మార్పువలెఁ గనఁబడు నీ నిర్ణయమువలన కూలివాఁడు గూడ సంఘమున సభ్యుఁ డగుటకు వీలయ్యెను. అంతవఱకు వెట్టివానికొఱకు నితరులు తీర్మానించిరి. అటుపిమ్మట వెట్టివాఁడే తీర్మానింపసాగెను. సంగము అను పేరు పల్లెపల్లెకుఁ బ్రాఁకెను. ఇల్లొక్కటిగాఁ గాక వాడ యంతయు నొక్క దినమున వెట్టికిఁ బోమని నిలిచినచో దొర యెవ్వనిని దండించును? ఒక్కని నప్పు పేరఁ బట్టవచ్చును, ఊరినిఁ బట్టలేఁడు.

1946 జూలై 4వ తేదీన జనగామ తాలూకా కడవెండియందు దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకుఁ గూలిన పిమ్మట నీ యుద్యమము సూర్యాపేట, హుజూరునగరు, మిర్యాలగూడ తాలూకాలకు వేగముగా వ్యాపించెను. సూర్యాపేట తాలూకాలోని బాలెంల, పాత సూర్యాపేటలును, హుజూరునగరు తాలూకాలోని మల్లారెడ్డిగూడెమును 1946–47లో పోలీసుల దాడులకు నెదురు నిలిచిన యూళ్లుగాఁ బేరు వడసెను. వెట్టి నిలిచెను, కూలి పెరిగెను, అప్పు పత్రములు చింపఁబడెను. భూపరిమితి మొదట 500 ఎకరములుగాను, పిదప 200గాను, తుదకు మెట్ట 100, తరి 10 ఎకరములుగాను నిర్ణయింపఁబడెను. తెలంగాణమునఁ దమ్ము సుమారు 3,000 గ్రామములు అనుసరించె ననియు, 10 లక్షల ఎకరములు పంచితి మనియు నుద్యమకారులు చెప్పుకొనిరి.

దీని వెల మిక్కిలి హెచ్చు. రజాకారుల దాడులు, 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు జరిగిన సైనికచర్య, అటుతరువాతి మూఁడేండ్ల పోరు కలసి ఈ సీమ నెత్తుట ముంచెను. ఇరుదెఱఁగుల వారును జచ్చిరి. 1951 అక్టోబరు 21న సాయుధపోరాటము విరమింపఁబడెను. పంచిన నేలలో విశేషభాగము మరల పూర్వాధికారుల చేతికిఁ బోయెను. వెట్టి మాత్రము మునుపటి రూపమునఁ దిరిగి నిలువలేదు. నేల పోయినను, పనికిఁ బోను అను మాట నేర్చిన నోరు మఱల మూఁతపడలేదు.

అటుపిమ్మటి శాసనములు పోరు నేర్పిన పాఠములను గొంతకుఁ గొంత లిపిబద్ధము చేసెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1950నాఁటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు నేలపై నిలుకడ కల్పించెను. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లాలోనే పోచంపల్లియందు హరిజనులు వినోబాభావేను 80 ఎకరములు కోరఁగా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరముల నిచ్చెను. భూదానోద్యమ మటు పుట్టినది. ఆ దానము శ్లాఘ్యము. కాని దానము మఱల దాత మనస్సుపై నాధారపడునదే. 1950 జనవరి 26న నమలులోనికి వచ్చిన రాజ్యాంగము 23వ అనుచ్ఛేదమున వెట్టిని నిషేధించి, 43వ అనుచ్ఛేదమునఁ బనివారందఱకు జీవనమునకుఁ జాలిన వేతనమును రాజ్యము సాధింపవలసిన లక్ష్యముగాఁ జెప్పెను. అనఁగా వెట్టి లేకుండుట హక్కుగాను, తగిన జీతముండుట యాశయముగాను వేఱు వేఱు చోటుల నిలిచెను.

1948నాఁటి కనీసవేతన చట్టము ఆ దూరమును గొంత తగ్గించెను. 1976నాఁటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అప్పు పేరిటి పనిని రద్దుచేయుటయే కాక, దానికి మూలమైన యప్పును గూడ రద్దుచేసెను. అందుఁ బేర్కొన్న దేశవ్యాప్తపు పేళ్లలో బగేలా, జీత, పాలేరు, వెట్టి యను నీ సీమ పల్లెల యెఱుకగల మాటలు గలవు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడపు కూలివారి విషయమున నత్యున్నత న్యాయస్థానము, కనీసవేతనమునకుఁ దక్కువ యిచ్చి పని చేయించుకొనుట గూడ 23వ అనుచ్ఛేదము నిషేధించిన బలవంతపు పనియే యని తీర్పు చెప్పెను. ఆకలి పెట్టు బలవంతము గూడ బలవంతమే యని యా తీర్పు సారము. వైయాకరణుఁడు విష్టి శబ్దమునకుఁ జెప్పు నర్థమును న్యాయస్థాన మింత విశాలము చేసెను.

ఇంతలో నీ సీమ రూపమే మాఱెను. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి 1967లోఁ గాలువలకు నీరు విడువఁబడెను. ఎడమ కాలువ నీరు మిర్యాలగూడ, హుజూరునగరు, కోదాడల మెట్టనేలలను మాగాణముగా మార్చెను. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకుఁ బేరు గాంచెను. నాట్లకును గోఁతలకును గూలివారి యక్కఱ పెరిగి, కూలిని గూర్చి బేరమాడు శక్తి వారికిఁ గలిగెను. శాసనములు చేయలేని మేలు కొంత నీరు చేసెను. 2006లో నమలునకు వచ్చిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము తొలివిడతలోనే నల్లగొండ జిల్లాను జేర్చెను. పని కోరిన గ్రామీణ కుటుంబమునకు సంవత్సరమున 100 దినముల పని హక్కుగా నిచ్చి, ఈయలేని యెడల భృతి చెల్లింపవలె నని యది విధించెను. దీని ప్రధానఫలము నూఱు దినముల కూలి మాత్రమే కాదు. వేఱొకచోటఁ బని దొరకు నన్న ధైర్యముతో, తక్కువ కూలి చెప్పినవానిని గాదనఁగల వీలు.

అయినఁ గథ ముగియలేదు. మిర్యాలగూడ మిల్లులలో బస్తాలు మోయుటకు బీహారము మున్నగు దూరదేశములనుండి కూలివారు వచ్చిరి. వారికి నీ యూర వాడ లేదు, సంగము లేదు, భాష లేదు. ముందుగాఁ దీసికొన్న రొక్కమునకుఁ గట్టుపడి వచ్చినవాఁడు తన కష్టము నెవ్వరికిఁ జెప్పును, ఏ భాషలోఁ జెప్పును అను ప్రశ్న 1920 నాఁటి జీతగాని ప్రశ్నకు దూరమైనది కాదు.

ఈ చరిత్రవలన నాలుగు విషయములు తేలుచున్నవి. మొదటిది, పనివానికిఁ గాదనుటకుఁ దగిన యాధార ముండవలెను. అది నేల కావచ్చును, వేఱు పని కావచ్చును. రెండవది, కూలి కుటుంబమును బట్టి చాలినంతగా ముందే నిర్ణీతము కావలెను. కౌటిల్యుఁడు చెప్పిన పరివారపు కొలత యిందులకుఁ దగినదే. మూఁడవది, అప్పు మనుష్యుని దేహమును బట్టుకొనరాదు; తండ్రినుండి కొడుకునకు దిగరాదు. నాలుగవది, ఫిర్యాదు వినువాఁడు ఫిర్యాదు పొందినవాఁడు కారాదు; చెప్పుకొనుటకుఁ బనివారికిఁ దమ సంఘ ముండవలెను. ఈ నాలుగింటిలో నేది లోపించినను దక్కిన మూఁడు నిలువలేదని సూర్యాపేట సీమ యనుభవము. గస్తీ యుండి సంఘము లేని నాఁడు వెట్టి పోలేదు. సంఘముండి శాసనము లేని నాఁడు వెట్టి పోయెను గాని పంచిన నేల నిలువలేదు. శాసనముండి చెప్పుకొను దిక్కు లేని చోట శాసనము కాగితమయ్యెను.

విష్టి వెట్టి యగుటకుఁ బ్రాకృతపు నాలుక చాలినది. జీతము మఱల జీవిత మగుటకుఁ బైఁ జెప్పిన నాలుగును వలయును.